చూడకుండా చెప్పిన పచ్చ

మా అమ్మాయి ఆడే వీడియో గేమ్‌లో ఒక కాపలావాడు ఉంటాడు. ఇనప గేటుకి అడ్డంగా నిలబడతాడు, భుజం మీద లావుపాటి గొలుసు. వాణ్ణి పడగొడితే తప్ప ఆట ముందుకు పోదు. పోయిన చలికాలమంతా మా ముందు గదిలో సాయంత్రాలు ఆ గేటు దగ్గరే గడిచాయి. మా అమ్మాయి వాడి చేతిలో చచ్చేది. లేచి, మళ్ళీ అవే మెట్లు ఎక్కి, మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళి చచ్చేది. పళ్ళు బిగించుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, అన్నానికి పిలిచినా పలికేది కాదు.

"ఏటే ఇందులో మజా? డబ్బాలో బొమ్మ సేతిలో తన్నులు తినడవా?" అని మా ఆవిడ అడిగేది.

"కష్టంగా ఉంది గాబట్టే మజా అమ్మా. ఈజీ అయితే ఎవుడాడతాడు?" అనేది అది.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. నాకు వేరే పని లేదు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు గూడ్సు బళ్ళు నడిపాను. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా నాన్న కాలంలో డ్రైవరనే అనేవారు, నా నోటికీ ఆ మాటే అలవాటు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి ఇంజనులో బొగ్గు వేసేవాడు. మూడు తరాలుగా ఇంజను మీదే బతికాం. ముగ్గురిలో ఎర్ర సిగ్నల్ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నన్ను బండి దింపేసి షెడ్డులో ఒక గదిలో కూర్చోబెట్టారు. వచ్చే ఇంజన్ల నంబర్లు, పోయే ఇంజన్ల నంబర్లు రాసుకోవాలి. పదింటికి వెళ్ళి ఐదింటికి వచ్చేయడమే. పెళ్ళయ్యాక మొదటిసారి వరసగా అన్ని సాయంత్రాలు ఇంట్లో ఉన్నాను. ఉండి ఏం చేయాలో నాకు తెలియలేదు.

నాతోపాటు ఆ రోజు ఇంజనులో ఉన్న అసిస్టెంటుని మాత్రం ఉద్యోగంలోంచే తీసేశారు. ఆమెది బొబ్బిలి దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. మా ఊళ్ళోనే మంగ్లా పేటలో ఇల్లు అద్దెకు తీసుకుని, తల్లిని తెచ్చి పెట్టుకుని, నాలుగేళ్ళ కూతుర్ని పెంచుకుంటోంది. పరీక్ష రాసి నెగ్గి వచ్చిన ఉద్యోగం అది. అప్పీలు పెట్టుకుంది. ఫిబ్రవరిలో ఒక బుధవారం పెద్దాఫీసులో దాని విచారణ. నన్నూ రమ్మని కాగితం వచ్చింది. ఆమె ఉద్యోగం తిరిగొస్తుందా రాదా అన్నది అక్కడ నేను చెప్పే ఒక్క మాట మీద ఉంది. మొదటి విచారణలో ఆ మాటని నేను అబద్ధం చేసి చెప్పాను.

అది అర్థం కావాలంటే మా పని పద్ధతి ఒకటి తెలియాలి. ఇంజనులో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనపడగానే, ముందు చూసినవాళ్ళు చెయ్యి చాపి చూపించి దాని రంగు గట్టిగా చెప్పాలి. రెండోవాళ్ళు తమ కళ్ళతో తాము చూసి మళ్ళీ చెప్పాలి. విన్నది చెప్పడం కాదు, చూసింది చెప్పడం. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి రోజే ఇది నేర్పుతాం. ఎంతమందికో నేనే నేర్పాను, చెవి మెలేసి మరీ నేర్పాను. కానీ ఒకే దారిలో ఏళ్ళ తరబడి తిరిగేసరికి ఆ చెప్పడం ఒక పాటలాగా అయిపోతుంది. ఏ మలుపు దగ్గర ఏ రంగు వస్తుందో కంటి కంటే ముందు నోటికి తెలిసిపోతుంది.

హిందీ మాట్లాడే అసిస్టెంట్లు నన్ను సర్ అనేవారు, అనుమానం వస్తే మొహమాటం లేకుండా "సర్, ఠీక్ సే దేఖియే", సరిగ్గా చూడండి, అనేవారు. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండేది. ఈమె అలా కాదు. మొదటి రోజు నేను ఇంటికి ఫోన్ చేసి "ఏటి కూర?" అని అడుగుతుంటే విని, మొహం ఇంత చేసుకుని, "మీరు మావేపోళ్ళేనా బాబాయ్?" అంది. ఆ రోజు నుంచి బాబాయ్‌నే. చింతకాయ పచ్చడి చేస్తే నాకో సీసా తెచ్చేది. నేను తినందే డబ్బా విప్పేది కాదు. స్టేషన్ల టైములు పుస్తకంలో రాయడం ఆమె పని. రాయాల్సి వచ్చినప్పుడల్లా "బాబాయ్, పెన్ను" అంటూ నేను ఇచ్చేదాకా ఆగకుండా నా జేబులోంచి తనే తీసేసుకునేది. తన పెన్ను ఎప్పుడూ ఇంట్లోనే మర్చిపోయేది. నేను ఒక మాట అంటే దానికి అడ్డు మాట ఉండేది కాదు. నాకు అది హాయిగా ఉండేది. బాబాయ్ మాటకి ఎదురు చెప్పకూడదన్నది ఇంట్లో మంచి అలవాటే. ఇంజనులో అది కొంప ముంచుతుందని ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడిగా నేను చెప్పి ఉండాలి. చెప్పలేదు.

అది ఏప్రిల్ మధ్యాహ్నం. ఖాళీ వ్యాగన్లు తీసుకుని మా ఊరికి దగ్గర్లోని కోటా స్టేషను దాటి కట్నీ వైపు పోతున్నాం. ఇది జరిగిన స్టేషన్ పేరు ఇక్కడ రాయను. దానికి ముందున్న సిగ్నల్ పసుపు చూపించింది. అంటే తరవాతది ఎర్రగా ఉండొచ్చు, ఆగడానికి సిద్ధంగా ఉండు అని. ఇద్దరం చూశాం, ఇద్దరం చెప్పాం, వేగం తగ్గించాను. అంతవరకు సరిగ్గానే ఉంది. కానీ ఆ బండికి, ఆ వేళకి, నేను మలుపు తిరిగేసరికి రెండో సిగ్నల్ పచ్చబడిపోవడం ఏళ్ళుగా అలవాటు. మలుపు దగ్గర ఎండ ఎదురుగా కొడుతోంది. సిగ్నల్‌కి కరెంటు స్తంభం ఒకటి అడ్డం. నేను చెయ్యి చాపాను. "గ్రీన్" అన్నాను.

ఆమె పుస్తకంలో టైము రాస్తోంది. తల ఎత్తుతూ ఎత్తుతూనే "గ్రీన్, బాబాయ్" అంది.

నేను బ్రేకు వదిలాను. స్తంభం పక్కకి తప్పుకున్నాక ఎర్ర దీపం కనపడింది. అప్పుడు ఎంత బ్రేకు వేసినా ఏం లాభం? ఇంజను, దాని వెనక రెండు వ్యాగన్లు ఎర్రని దాటాకే ఆగాయి. ఎదురుగా అదే పట్టాల మీద ప్యాసింజరు బండి ఆగి ఉంది. ఆఖరి బోగీ తలుపు దగ్గర కూర్చుని ఒకావిడ టిఫిన్ డబ్బా కడుక్కుంటోంది. మాకూ ఆవిడకీ మధ్య, మా క్వార్టరు నుంచి పాల దుకాణమంత దూరం, వందడుగులు ఉంటుందేమో. ఆవిడ తల తిప్పి మా వైపు చూసి, మళ్ళీ డబ్బా కడుక్కుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా లెక్కలో ఎర్రని అంగుళం దాటినా దాటినట్టే.

ఇంజనులో ఆమె పుస్తకం మూసి నా వైపు తిరిగింది. "బాబాయ్, గ్రీన్ అన్నారు గదా మీరు" అంది.

"నువ్వూ అన్నావు గదా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

విచారణలో ఇద్దర్నీ విడివిడిగా అడిగారు. ఆమే ముందు గ్రీన్ అందని, నేను బ్రేకు గేజీ చూసుకుంటున్నానని, ఆమెని నమ్మి నేనూ అన్నానని చెప్పాను. మా ఇంజను పాతది, మాటలు రికార్డు చేసే యంత్రం అందులో లేదు. ఆమె ఏం చెప్పిందో తరవాత కాగితాల్లో చదివాను. బాబాయ్ చెప్పారు, నేనూ చెప్పాను అందట. నువ్వు పచ్చ చూశావా అని అడిగితే, చూడలేదు సార్ అందట. మరి ఎందుకు చెప్పావు అంటే, బాబాయ్ చెప్పారు కదా సార్ అందట. నిజం చెప్పిన ఆ ఒక్క ముక్కే ఆమెని ముంచేసింది. నాకు మచ్చలేని సర్వీసు, రిటైర్మెంటుకి ఎంతో దూరం లేదు. పైగా ఆడమనిషి ఇంజను మీద ఎందుకు అన్న ఆలోచన ఆ గదిలో ఉంది. ఎవరూ పైకి అనలేదు గానీ నాకు తెలుసు. నేను దాన్ని ఆనుకుని నిలబడ్డాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంట్లోనూ అదే కథ చెప్పాను. "ఆ పిల్ల నీ బండి తినీసింది" అని మా ఆవిడ ఏడ్చింది. మా అమ్మాయి ఆమెని ఒకసారి మా ఇంట్లోనే చూసింది, ఆమె తెచ్చిన పచ్చడి లొట్టలేసుకుని తింది. "ఆ అక్క నిద్రపోయిందా ఏటి?" అంది కోపంగా. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. చెప్పింది అబద్ధమని మొదట్లో నాకు స్పష్టంగా తెలుసు. వానాకాలం దాటేసరికి, ఏమో, ఆమే ముందు అందేమో అనిపించడం మొదలైంది. చలికాలం వచ్చేసరికి ఆమె గొంతు ముందు వినపడినట్టు, తరవాత నా గొంతు వినపడినట్టు కూడా గుర్తుకు రాసాగింది.

ఆ రోజుల్లోనే మా ఇంట్లోకి ఈ ఆట వచ్చింది. మా అమ్మాయి డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకి చదువుతోంది. స్నేహితురాలి దగ్గర వాడేసిన గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించింది. మొదట్లో నాకు చిరాకేసేది. చదువుకోవాల్సిన పిల్ల, ఒకే గేటు ముందు వందసార్లు చచ్చి పైగా మజా అంటుంది. ఇంత కష్టమైన ఆట తయారు చేసినవాడికి జనం మీద ఏదో పగ ఉండి ఉండాలి అనుకునేవాణ్ణి. ఒకరోజు అనేశాను కూడా.

"పగ కాదు నాన్నా. ఇది చీటింగ్ చెయ్యదు. నేను చచ్చేనంటే, గల్తీ నాదే. ఎక్కడ గల్తీ చేసేనో కనబడతాది. కనబడితే ఫిర్ సే, మళ్ళీ వెళ్తాను. అదే మజా" అంది.

తప్పు ఎక్కడుందో కనపడటం మజా ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. నా తప్పు కనపడకుండా ఉండటానికే నేను నానా పాట్లూ పడుతున్నాను.

జనవరిలో ఒక సాయంత్రం అదే నన్ను ఆటలోకి లాగింది. గొలుసు ఎటు నుంచి వస్తుందో చూస్తే తన బొమ్మ కాళ్ళు ఎక్కడున్నాయో చూడలేకపోతోంది. కాళ్ళు చూస్తే గొలుసు తగులుతోంది. "నాన్నా, నీకు సిగ్నల్ చూసి చెప్పే అలవాటుంది గదా. వాడి చెయ్యి నువ్వు చూసి చెప్పు, నేను నొక్కుతాను" అంది. నవ్వుతూనే అంది. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"ఎడమ!" అన్నాను.

"ఎడమ" అంటూ అది మీట నొక్కింది. గొలుసు గాల్లోంచి పోయింది, బొమ్మ బతికింది.

"పైన!"

"పైన."

అబద్ధం ఎందుకు, నాకు మజా వచ్చింది. బండి దిగిన తరవాత అంత మజా నాకు మళ్ళీ రాలేదు. నా గొంతు, దాని వెంటే ఇంకో గొంతు. నేను చెప్పినట్టే ఒక మనిషి కదలడం, దానివల్ల ప్రాణం నిలవడం. వారం తిరిగేసరికి కాపలావాడి బలం సగానికి దించాం. షెడ్డులో నంబర్లు రాసుకుంటూ కూడా వాడి చేతులే తలుచుకునేవాణ్ణి. "ఇద్దరూ పిల్లలైపోనారు" అని మా ఆవిడ తిట్టింది గానీ, ఆ తిట్టులో సంతోషం ఉంది. ఇంట్లో గొంతులు వినపడి చాలా రోజులైంది మరి.

సగం దాటాక అసలు కష్టం మొదలైంది. కాపలావాడు అదే చెయ్యి ఎత్తుతాడు, అదే గొలుసు, కానీ మా అమ్మాయి చస్తుంది. రోజూ అదే చోట చస్తుంది. నాకు ఓపిక పోయింది. "నేను చెప్పాక లేటుగా నొక్కుతున్నావే నువ్వు" అన్నాను. "సారీ నాన్నా" అంది. మర్నాడు మళ్ళీ చచ్చింది. "చెవులు పనిచేయట్లేదా?" అన్నాను. అది చెమట పట్టిన వేళ్ళు గుడ్డతో తుడుచుకుని మళ్ళీ మెట్లెక్కింది. ఇంకో రోజు నేను విసుక్కుని కుర్చీలోంచి లేచిపోయాను. అది ఒక్కర్తీ కాసేపు టీవీ ముందు కూర్చుని, మీటల పెట్టె పక్కన పెట్టి చదువుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ మజా అంతా ఏమైపోయిందో తెలియలేదు.

బుధవారం విచారణ అనగా, ముందు శనివారం సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది నా కోసం కాచుకుని ఉంది. ఆ పెట్టె ఆటని రికార్డు చేస్తుందట. దాని చెవులకి పెట్టుకునే దాంట్లో మైకు ఉంది కాబట్టి మా మాటలు కూడా పడ్డాయట. నన్ను తప్పు పట్టాలని కాదు, తను ఎక్కడ ఆలస్యం చేస్తోందో తెలుసుకోవాలని చూసుకుంది పాపం.

"ఒక్కసారి చూడు నాన్నా" అని మెల్లగా నడిపించి చూపించింది.

టీవీలో కాపలావాడు నిలబడి ఉన్నాడు. గొలుసు ఇంకా భుజం మీదే ఉంది. చెయ్యి కదలలేదు. నా గొంతు "ఎడమ!" అంది. దాని గొంతు "ఎడమ" అంది. బొమ్మ పక్కకి దూకింది. అప్పుడు కాపలావాడు నింపాదిగా చెయ్యి ఎత్తి, దూకిన చోటే కొట్టాడు.

"నేను లేట్ అవట్లేదు నాన్నా. నువ్వు ముందే చెప్పీస్తన్నావు. సగం అయిపోయేక వీడు చెయ్యి ఆపి ఆపి కొడతాడు. అలవాటుగా ఆడీవాళ్ళని పట్టుకోడానికే అలగ పెట్టేరు."

"చెయ్యి ఎత్తాకే చెప్పాను. నేను చూశాను" అన్నాను.

అది మళ్ళీ నడిపించింది. గొలుసు భుజం మీదే ఉంది. నా గొంతు "ఎడమ!" అంది. వేరే రోజుది చూపించింది, అదీ అంతే. మూడోసారి చూపించమని నేనే అడిగాను. ఆడుతున్నప్పుడు వాడి చెయ్యి లేవడం నేను చూశాను. దేవుడి మీద ఒట్టు పెట్టమన్నా పెట్టేవాణ్ణి. టీవీలో ఆ చెయ్యి లేవలేదు.

"మరి నువ్వెందుకు చూసుకోలేదు?" అన్నాను. గొంతులో కోపమే ఉంది, ఇంకేం చేయాలో తెలియక.

అది నా మొహంలోకి వింతగా చూసింది. "నువ్వు చెప్పేవు గదా నాన్నా" అంది.

వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. మా ఆవిడ ఏటయిందని అడిగింది. ఇటు రా, కూర్చో అని ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఆ ఏప్రిల్ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్తుంటే, ముందు వినపడిన గొంతు నాదేనని, ఎప్పుడూ నాదేనని, మళ్ళీ స్పష్టంగా గుర్తొచ్చింది.

మా ఆవిడ "రెండేళ్ళుంది రిటైర్‌మెంట్‌కి. ఇప్పుడు నోరిప్పితే నిన్నూ తీసెత్తారు. ఈ క్వార్టర్ కాళీ సెయ్యమంటారు. పిల్లనేసుకుని ఎక్కడికెల్తాం?" అంది. ఆమెని నేను తప్పు పట్టను. అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

మా అమ్మాయి లేచి టీవీ కట్టేసింది. "అంటే ఆ అక్క ముందు చెప్పలేదా?" అంది.

"లేదు."

"నేను ఆ అక్కని ఎన్ని మాటలన్నాను నాన్నా! నువ్వు పక్కనే ఉన్నావు" అంది. అది అక్కడితో ఆపలేదు. "ఆటలో నువ్వు తప్పు చెప్తే నేను చచ్చేను. నీకేటీ అవలేదు. కుర్చీలోనే ఉన్నావు. పైగా నన్నే లేట్ అన్నావు."

దానికి ఇరవై ఏళ్ళు. ఏడవకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. విచారణలో కూర్చున్న పెద్దలెవరూ నన్ను అంత సూటిగా అడగలేదు. నేను క్షమించమని కూడా అనలేకపోయాను. ఆ మాట చెప్పాల్సింది ముందు దానికి కాదు.

ఆదివారం పొద్దున్న స్కూటరు మీద మంగ్లా వెళ్ళాను. ఒకప్పుడు ఆమెని డ్యూటీ నుంచి ఇంటి దగ్గర దింపిన దారే. సందు మొదట్లోనే ఉన్న ఆమె ఇంటి ముందు బండి ఆపాను. మెట్టు మీద ఆమె కూతురు కూర్చుని గిన్నెలో మరమరాలు తింటోంది. నన్ను చూసి గుర్తుపట్టినట్టు నవ్వింది. లోపల ఆమె గొంతు వినపడింది, ఎవరితోనో ఫోన్‌లో ఉద్యోగం గురించే మాట్లాడుతోంది. కుట్టుమిషను పనైనా పరవాలేదండీ, వస్తాను అంటోంది. నాకు మొహం చెల్లలేదు. బండి తిప్పుకుని వచ్చేశాను. ఇంట్లో ఎవరూ ఎక్కడికెళ్ళావని అడగలేదు.

బుధవారం పదకొండింటికి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఆమె ముదురు నీలం చీర కట్టుకుంది. ఇంజనులో ఎప్పుడూ యూనిఫాంలోనే చూశాను, చీరలో చిక్కిపోయినట్టు కనపడింది. నా వైపు చూడలేదు. ఆఫీసరు హిందీలో అడిగారు. ముందు ఎవరు గ్రీన్ అన్నారు?

"నేను" అన్నాను.

ఆయన కలం ఆపి, పాత కాగితం తీసి చూపించారు. ఇందులో వేరేగా ఉందే అన్నారు. అది అబద్ధమని చెప్పాను. నేను సిగ్నల్ చూడకుండానే అలవాటుగా గ్రీన్ అన్నానని, ఆమె నా మాట మీద అందని, తప్పు ఆమె మీదకి నెట్టానని చెప్పాను. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు. భయం అన్నాను. ఆయన అదంతా రాసుకున్నారు. తరవాత ఆమె వైపు తిరిగి, అయినా నువ్వు కూడా చూడలేదు కదమ్మా అన్నారు. అవును సార్, నేను చూసి చెప్పి ఉండాల్సింది అంది ఆమె. నా మీద ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఉత్తర్వులు రెండు నెలలకి వచ్చాయి. ఆమెని ఉద్యోగంలోకి తీసుకున్నారు, కానీ ఇంజను మీదకి కాదు. ఆఫీసులో ఫైళ్ళు మోసే అట్టడుగు పని. అప్పటిదాకా చేసిన సర్వీసు లేనట్టే. చూడకుండా చెప్పిన మనిషిని మళ్ళీ బండెక్కించలేం అని అందులో రాశారట. నా మీద కొత్తగా చార్జిషీటు వేశారు, వేసవిలో నన్నూ ఉద్యోగంలోంచి తీసేశారు. ఇది క్వార్టరు ఖాళీ చేసే తొందరలో, సగం సామాను కట్టేసిన గదిలో రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నాను కాబట్టి హిందీ బళ్ళో చదువుకున్న మా అమ్మాయి తనంతట తాను చదవలేదు. నేనే చదివి వినిపించాలి.

అది ఆ కాపలావాణ్ణి మార్చిలో దాటింది. నేను షెడ్డు నుంచి వచ్చేసరికి టీవీలో ఇనప గేటు తెరిచి ఉంది, గేటు అవతల ఏదో పెద్ద మైదానం. మజా వచ్చిందా అని అడిగాను. "బాగా వచ్చింది" అంది. ఎలా దాటావని అడిగితే, "ఏటీ లేదు, వాడి చెయ్యి చూసేను" అంది. నన్నెందుకు పిలవలేదని నేను అడగలేదు. ఇప్పుడు కుర్చీ కూడా గోడ వారకి జరిపేశారు. అంత కష్టమైన ఆట మంచిదా కాదా అని ఎవరైనా నన్ను అడిగితే, ఆడేవాళ్ళకి మంచిదే అంటాను. పక్కన కూర్చుని చెప్పేవాడి సంగతి వేరు.

విచారణ రోజున జరిగింది ఇంకొకటి ఉంది. గది బయట వరండాలో గుమాస్తా ఇద్దరికీ కాగితాలిచ్చి, సంతకాలు పెట్టి ఇచ్చేసి వెళ్ళమన్నాడు. నేను పెట్టేశాను. ఆమె సంచిలో వెతుక్కుంది. పైన వెతికి, లోపలి జేబులో వెతికి, మళ్ళీ పైన వెతికింది. పెన్ను ఇంట్లో మర్చిపోయింది. నా జేబులో పెన్ను ఉంది, ఆమెకి కనపడుతూనే ఉంది. నేను ఒక అడుగు దగ్గరికి జరిగాను, అలవాటుగా తీసుకుంటుందేమోనని. ఆమె అంతే దూరం వెనక్కి జరిగింది.

"సార్, కొంచెం పెన్ను ఇస్తారా అండి?" అంది.

ఇచ్చాను. గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టింది. మూత పెట్టింది. "థాంక్యూ సార్" అని, నేను చాపిన చేతిలో పెట్టకుండా, పెన్ను కిటికీ గట్టు మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది.